మా మెళ్ళో ఇంగ్లీషు గుది

నా ట్రంకుపెట్టె అడుగున వొక కాయితం వుంది. నలభయ్యేళ్ళు దాటింది దాని వయసు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించాను. 1984లో నేను పదో తరగతి పాసయ్యాక మా హైస్కూలు ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్టు అది. అందులో నా పేరుంది. మా నాయన పేరుంది. కులం గడిలో మా కులముంది. నడవడిక అన్నచోట అందరికీ 'గుడ్' అనో 'శాటిస్‌ఫాక్టరీ' అనో రాస్తారు. నాకు మాత్రం వొకే వొక్క ఇంగ్లీషు ముక్క రాశారు.

'అన్‌రూలీ'.

ఆ ముక్క నా బతుకులో వొక యేడాదిని తినేసింది. తరవాత నేను ఇంగ్లీషే చదువుకున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషే చెప్పుకుని బతికాను. నామవాచకాలు చెప్పాను, విశేషణాలు చెప్పాను. ఈ వొక్క విశేషణం లెక్క మాత్రం ఇంకా తేలలేదు. ఇవాళ తేలుస్తాను.

ముందు నేరం సంగతి చెప్పాలి.

మా హాస్టలు గోడ మీద నల్ల బోర్డు వొకటి వుండేది. దాని మీద తెల్ల పెయింటుతో వారం రోజుల తిండి రాసి వుండేది. ఏ రోజు పప్పు, ఏ రోజు కూర, ఏ పూట మజ్జిగ, ఆదివారం గుడ్డు. పై ఆఫీసరు వస్తున్నాడంటే ఆ బోర్డుని తడిగుడ్డతో తుడిచేవాళ్ళం. తుడిచే పని మాదే. ఆ యేడు సంక్రాంతి దాటాక గుడ్డు కనపడలేదు. వొక ఆదివారం పోయింది. రెండో ఆదివారం పోయింది. నాలుగూ పోయాయి. ఆరో తరగతి పిల్లలు పొద్దున్నుంచే పళ్ళేలు కడుక్కుని కూచునేవాళ్ళు. వార్డెను సారుని అడిగితే "సప్లై లేదురా" అన్నాడు. ఆయన ఇంటి వెనక పోగుబడ్డ గుడ్ల పెంకులు ఎత్తి దిబ్బలో పోసిందీ మేమే.

మేం అయిదుగురం. బోర్డు మీద వున్నది వున్నట్టు నోటుబుక్కు కాయితం మీద ఎక్కించాం. ఏ ఏ ఆదివారం గుడ్డు పెట్టలేదో తేదీలు వేశాం. కింద అయిదుగురం సంతకాలు పెట్టాం. సోమవారం బడి ఎగ్గొట్టి, టౌనులో వున్న ఆఫీసుదాకా తొమ్మిది మైళ్ళు నడిచిపోయాం. ఆఫీసరు లేడు. గుమాస్తా కాయితం తీసుకుని "యే హాస్టలురా మీది?" అని మాత్రం అడిగాడు. మేం తిరిగొచ్చేసరికి మాకన్నా ముందే కబురొచ్చి కూచుంది.

రాయి విసర్లేదు మేము. కేక పెట్టలేదు. పళ్ళెం మోగించలేదు. గోడ మీద వాళ్ళు రాసిందే తిరిగి రాసి చూపించాం. అంతే. హెడ్మాస్టరు గారు రూళ్ళకర్రతో అయిదుగురి వేళ్ళ కణుపులూ వాయగొట్టారు. పరీక్షలయ్యాక అయిదుగురి సర్టిఫికెట్లలోనూ అదే ముక్క రాశారు.

కాలేజీ గుమాస్తా ఆ కాయితం చూసి వెనక్కి తోశాడు. "ఈ కాండక్టుతో సీటివ్వరు" అన్నాడు. ఇంటికొచ్చాను. మా నాయనకి అక్షరం ముక్క రాదు. ఇద్దరం కాయితం పట్టుకుని చర్చి అయ్యగారి దగ్గరికి పోయాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి చాలాసేపు మాట్లాడలేదు.

"అదుపులో వుండనోడు అని రాశారు" అన్నాడు ఆఖరికి.

మా నాయన నా వంక చూశాడు. "అల్లరి జేశావంట్రా?"

"లేదు నాయనా. గుడ్డడిగాం."

"గుడ్డడిగితే అదుపు తప్పడం యెట్టా అయ్యుద్ది అయ్యగారూ?"

అయ్యగారు జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి పంపించాడు.

మా నాయన తోలుపని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు. చెర్నాకోలకి తోలు అల్లేవాడు. ఎద్దుల మెడలో పట్టెళ్ళు చేసిచ్చేవాడు. వూళ్ళో గొడ్ల ఒంటి మీద పడే ప్రతి తోలుముక్కా ఆయన చేతి మీదుగా పోయిందే. ఆ సాయంత్రం పల్లెకి తిరిగి నడుస్తూ ఆయన అన్న మాటలు నాకు ఇంకా చెవిలోనే వున్నాయి.

"పొగరుబోతు గొడ్డుకి గుది కడతారు సూశావా? మెళ్ళో కొయ్యదుంగ యేలాడదీత్తారు. అది పరిగెత్తబోతే మోకాళ్ళకి కొట్టుకుంటది. నీకు గట్టిన గుదిరా ఇది. నువ్వు యాడికి పోబోయినా మోకాలికి తగులుద్ది." కాసేపు నడిచాక మళ్ళీ అన్నాడు. "నేను యెన్ని గొడ్లని సూళ్ళేదు! కడుపు నిండిన గొడ్డు కట్టుగొయ్య కాడే పడుకుంటది. మేతెయ్యకపోతేనే పలుపు తెంచుద్ది. పలుపు తెంచిందని వూరంతా జెప్తారు. మేతెయ్యలేదని యెవుడూ జెప్పడు."

తరవాత నేను ఎమ్మే చదివాను. భాషాశాస్త్రం పుస్తకాలు చదివాను. ఆ విశేషణానికి మా నాయన చెప్పిన అర్థాన్ని మించిన అర్థం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ యేడాది పొగాకు బేరన్ల కాడ పనిచేశాను. పచ్చాకు కర్రలకి కట్టాను, మోశాను, రాత్రుళ్ళు బేరన్ పొయ్యి కాడ కాపలా వున్నాను. 1985 వేసవిలో పాత హెడ్మాస్టరు బదిలీ అయ్యాడు. కొత్తాయన దగ్గరికి పోయి ఇంకో సర్టిఫికెట్టు అడిగాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. రిజిస్టరు తిప్పి, 'శాటిస్‌ఫాక్టరీ' అని రాసి సంతకం గీకాడు. అదే బడి, అదే రిజిస్టరు, అదే పిల్లోడు. హెడ్మాస్టరు మారితే నా గుణం మారిపోయింది! మరి ఆ అదుపులేనితనం నాలో వున్నట్టా, రాసేవాడి కలంలో వున్నట్టా? నాకు కాలేజీలో సీటొచ్చింది. మిగతా నలుగురిలో ఇద్దరు మళ్ళీ ఏ బడి గుమ్మమూ తొక్కలేదు.

ఇక మాట సంగతి.

ఇంగ్లీషు మేస్టర్ని కాబట్టి వ్యాకరణం నుంచే మొదలెడతాను. 'అన్‌రూలీ'కి చివర 'లీ' వుంది గదా అని మా పిల్లలు దాన్ని క్రియావిశేషణం అనుకుంటారు. కాదు. 'ఫ్రెండ్లీ' లాగా, 'కాస్ట్లీ' లాగా అది విశేషణమే. నామవాచకం ముందు కూచుంటుంది. ఏ నామవాచకాల ముందు కూచుంటుందో చూడండి. అన్‌రూలీ చైల్డ్, అన్‌రూలీ స్టూడెంట్స్, అన్‌రూలీ క్రౌడ్, అన్‌రూలీ మాబ్. పిల్లలు, విద్యార్థులు, జనం, మంద. దువ్వెనకి లొంగని జుట్టుకి కూడా అదే మాట వాడతారు, అదొక్కటే కాస్త ముద్దుగా. అన్‌రూలీ కింగ్ అని ఎక్కడన్నా చదివారా? అన్‌రూలీ ల్యాండ్‌లార్డ్ అని? అన్‌రూలీ హెడ్మాస్టర్ అని? నా చదువంతట్లో నాకు తగల్లేదు. పైనున్నవాడి ముందు ఈ విశేషణం కూచోదు. కూచోవడానికి భయం దానికి.

మాటని విప్పితే 'రూల్' వస్తుంది. ఇంగ్లీషులో 'రూల్' అంటే నియమం. 'రూల్' అంటే పాలన కూడా. రెండిటికీ వొకటే మాట. తెలుగులో మనకి రెండు మాటలున్నాయి కాబట్టి తేడా తెలుస్తుంది. ఇంగ్లీషువాడు ఆ రెండిటినీ కలిపేసుకున్నాడు. అందుకే నియమం తప్పినవాడూ, దొర మాట విననివాడూ వొకే మాట కింద పడిపోతారు. నియమాన్ని పట్టుకుని దొరని నిలదీసినవాడిని ఏమనాలి? వాడికి మాట లేదు. వాడినీ ఇందులోకే తోస్తారు.

ఇంకాస్త తవ్వితే లాటిన్ 'రెగ్యులా' తగులుతుంది. రెగ్యులా అంటే తిన్నటి కర్ర, గీతలు గీసే బద్ద. అంటే మన బడి పంతుళ్ళ చేతిలో వుండే రూళ్ళకర్రే! మావాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు ఈ సంగతి. రూలు కనపడని మాల మాదిగ పిల్లలకి కర్ర మాత్రం కనపడింది.

వొకప్పుడు 'రూలీ' అని కూడా ఇంగ్లీషులో మాట వుండేది. చెప్పినట్టు వినేవాడు అని అర్థం. అది వాడుకలోంచి పోయింది. 'అన్‌రూలీ' మాత్రం మిగిలింది. అణిగివున్నవాడికి పేరు పెట్టాల్సిన పని లేదు, వాడు కనపడడు. తల ఎత్తినవాడికే పేరు పెట్టాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కూడా ఈ మాట వుంది. యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో మనిషి నాలుకకి ఈ విశేషణం తగిలించారు, దాన్ని ఎవరూ సాధు చేయలేరని చెప్పే చోట. అదే అధ్యాయం మొదట్లో గుర్రం నోటికి పెట్టే కళ్ళెం ప్రస్తావన వుంది. గుర్రానికి కళ్ళెం, ఎద్దుకి ముకుతాడు, మనిషికి విశేషణం. లోకమంతా వరస వొకటే.

ఇట్లాంటిదే ఇంకో మాట వుంది, 'రాంపంట్' అని. అదుపు లేకుండా వ్యాపించేదాన్ని అట్లా అంటారు. జబ్బు రాంపంట్, కలుపు మొక్క రాంపంట్. కానీ యూరపు రాజుల డాళ్ళ మీద వెనక కాళ్ళ మీద లేచి పంజా ఎత్తిన సింహం బొమ్మ వుంటుంది చూడండి, దాన్ని కూడా రాంపంట్ అనే అంటారు. అక్కడ అది వీరత్వం. డాలు మీద పంజా ఎత్తితే రాజసం, గట్టు మీద గడ్డి మొలిస్తే తెగులు. అదుపులో లేకపోవడం తప్పు కాదన్నమాట. ఎవరు అదుపులో లేరన్నదే లెక్క.

ఇంగ్లీషువాడి మీద తోసేసి మన పండితులు చేతులు కడుక్కోడానికి వీల్లేదు. దీన్ని తెలుగులో ఏమంటారు? అదుపులేని, అవిధేయమైన, దురుసు, తలబిరుసు, పొగరుబోతు, అణకువలేని. ఈ ఆఖరి మాట దగ్గర ఆగండి. అణకువ! ఎంత మెత్తగా వుంది. పద్యాల్లో మెచ్చుకుంటారు, పెళ్ళిచూపుల్లో మెచ్చుకుంటారు. అణగు అన్న దాంట్లోంచి వచ్చింది అణకువ. ఆ అణగు లోంచే అణచు వచ్చింది, అణచివేత వచ్చింది. సభల్లో మమ్మల్ని పిలిచే పేరు 'అణగారిన వర్గాలు' కూడా దాంట్లోంచే వచ్చింది. మేము అణిగితే అణకువ, అది సుగుణం. మమ్మల్ని అణిస్తే అణచివేత, అది ఉపన్యాసం. వొక్క వేరులోంచే మా గుణాన్నీ, మా గాయాన్నీ, మా పేరునీ మొలిపించుకున్న భాష ఇది. అయ్యా పండితులారా, ఏ నిఘంటువులో రాశారు మీరు ఈ చుట్టరికం?

మా అమ్మకి ఇంగ్లీషు గుది దాకా పోవాల్సిన పని రాలేదు. తెలుగు గుదే కట్టారు. 'నోరుగల్ది' అన్నారు. ఆమె చేసిన నేరమూ నా నేరం లాంటిదే. కోతలప్పుడు కూలి ధాన్యం కుంచంతో కొలిచిస్తారు. నిండా పోసి తలగొట్టి ఇవ్వాలని మాట. కామందు కొలిచేటప్పుడు చెయ్యి లోపలికి పెట్టి పోసేవాడు. వొకరోజు మా అమ్మ "చెయ్యి దీసి కొలువు దొరా" అంది. అంతే. ఆ మర్నాటి నుంచి ఆమెని కూలికి పిలవలేదు. "దానికి తలబిరుసు" అని వూరంతా పాకింది. కుంచం వాళ్ళదే. మాట వాళ్ళదే. వాళ్ళ మాట ప్రకారమే కొలవమంది. చెయ్యి పెట్టినవాడికి ఏ పేరూ రాలేదు.

నేను కాలేజీలో చేరిన జులై నెలలోనే కారంచేడు జరిగింది. 1985 జులై 17. మాకు ఎంతో దూరం కాదు. అంతకు ముందురోజు సాయంత్రం మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. తాగే నీళ్ళని గొడ్ల కుడితితో పాడుచెయ్యొద్దని వొక మాదిగ కుర్రాడు అన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త అడ్డంపడింది. తన మీదికి వస్తే బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున మాదిగపల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పారిపోయినవాళ్ళని వెంటాడి చంపారు. ఆరుగురు మాదిగలు చచ్చిపోయారు. ఆడవాళ్ళని చెరిచారు. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాల వచ్చి తలదాచుకున్నారు. ఆ శిబిరానికి నేనూ పోయాను. అన్నం గిన్నెలు మోశాను. ఆడ కూచున్న ఆడవాళ్ళ మొహాలు చూశాక నాకు నా సర్టిఫికెట్టు గుర్తుకొచ్చింది, సిగ్గూ వేసింది. నాదెంత చిన్న దెబ్బ! కానీ కర్ర మాత్రం వొకటే.

తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దు అనడం ఏ రూలుకి వ్యతిరేకం? బిందె ఎత్తిన చెయ్యి తలపొగరు చెయ్యి అయ్యింది. గొడ్డళ్ళు పట్టుకుని కట్టగట్టుకుని వచ్చిన వందలమంది మాత్రం 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అనే మాట వెనక దాక్కున్నారు. వాళ్ళకి 'అదుపు తప్పిన మంద' అని పేరు ఎందుకు రాదు? ఎందుకంటే వాళ్ళు అదుపు తప్పలేదు. వూరి రూలుని అమలు చేస్తున్నారు. ఆ రూలు వాళ్ళదే.

ఇక్కడే అసలు గుట్టు వుంది. ఈ దేశంలో రూళ్ళు రెండు. కాయితం మీద రాసిన రూలు వొకటి. వూరు నడిపే రూలు రెండోది. మమ్మల్ని అదుపులేనివాళ్ళు అన్న ప్రతిసారీ లెక్క తీసి చూడండి. మేము రాసిన రూలుని పట్టుకుని వుంటాం. రాయని రూలుని దాటి వుంటాం. రాయని రూలు దాటామని బైటికి చెప్పడానికి వాళ్ళకి నోరు రాదు. అందుకని రాసిన రూలు తప్పామన్నట్టు వినిపించే మాట వొకటి కావాలి. అదే ఈ మాట.

నా మాట మీద నమ్మకం లేకపోతే మహద్ చూడండి. బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్ 1923లో తీర్మానం చేసింది, ప్రభుత్వ ఖర్చుతో కట్టిన చెరువులూ బావులూ అంటరానివాళ్ళకీ తెరవాలని. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చౌదార్ చెరువుని తెరుస్తున్నట్టు తీర్మానించింది. అంటే రూలు వుంది. రాసి వుంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో బారులుతీరి నడిచిపోయి ఆ చెరువు నీళ్ళు తాగాడు. రూలు ప్రకారం తాగాడు. ఆ తరవాత వాళ్ళు గుళ్ళోకి కూడా వస్తారట అని పుకారు లేపి, తిరిగిపోతున్నవాళ్ళ మీద, అన్నాల దగ్గర వున్నవాళ్ళ మీద కర్రలతో పడ్డారు. తిరిగి కొట్టగల బలం వుండి కూడా అంబేద్కర్ తనవాళ్ళని ఆపాడు. సవర్ణులు చెరువులో పంచగవ్యం పోసి శుద్ధి చేసుకున్నారు. కోర్టుకీ పోయారు. బొంబాయి హైకోర్టు మావైపు తీర్పు చెప్పేసరికి 1937 వచ్చింది. చెప్పండి, ఆ రోజు మహద్‌లో అన్‌రూలీ ఎవరు? వరసలో నిలబడి నీళ్ళు తాగినవాళ్ళా, కర్రలు పట్టుకుని వీధుల్లో తిరిగినవాళ్ళా?

మనుషులకే కాదు, పుట్టబోయే బిడ్డలకి కూడా ముందే విశేషణం తగిలించిన చట్టం వుంది ఈ దేశంలో. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. మద్రాసు రాష్ట్రంలో 1911 చట్టం కింద అమలైంది. మా బాపట్ల దగ్గరే స్టూవర్టుపురం వుంది. ఎరుకల కుటుంబాలని తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా వూరు దాటకూడదు. ఏ నేరమూ చెయ్యని బిడ్డ కూడా పుట్టుకతోనే లెక్కలోకి ఎక్కాలి. 1952లో చట్టం రద్దయింది. మాట మాత్రం రద్దు కాలేదు. ఇప్పటికీ ఆ వూరి పేరు చెబితే అద్దెకి ఇల్లిచ్చేవాడు మొహం తిప్పుకుంటాడు. మేము మెళ్ళో గుది మోశాం. వాళ్ళ వూరి పేరునే గుది చేశారు.

ఇప్పుడు ఇదే మాట డబ్బున్నవాడి మీద పడితే ఏమవుతుందో చూద్దాం. పడింది కూడా. విమానాల్లో తాగి గొడవచేసేవాళ్ళని 'అన్‌రూలీ ప్యాసింజర్' అంటారు. 2017లో మన పౌర విమానయాన డైరెక్టరేట్ వాళ్ళకోసం రూళ్ళు రాసింది. ఎంత పద్ధతిగా రాసిందో! అదుపుతప్పడంలో మూడు మెట్లు పెట్టింది. నోటితో తిడితే మూడు నెలల వరకూ ఎక్కనివ్వరు. చెయ్యి చేసుకుంటే ఆరు నెలల వరకూ. ప్రాణాలకి ముప్పు తెస్తే రెండేళ్ళు, ఆపైన. ఆ మాట ఎవరికి పడితే వాళ్ళు అనడానికి లేదు. కమిటీ వెయ్యాలి. దానికి రిటైరైన జిల్లా జడ్జి పెద్దగా వుండాలి. ముప్పయి రోజుల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకోవచ్చు.

బాగుంది. న్యాయమే. నేను కాదనను. కానీ గాలిలో సాటి మనిషిని కొట్టినవాడికి ఆ మాట తగిలించాలంటే జిల్లా జడ్జి కావాలి. గుడ్డు అడిగిన పదిహేనేళ్ళ పిల్లోడికి తగిలించడానికి వొక హెడ్మాస్టరు కలం చాలు. నన్ను ఎవరన్నా విచారించారా? గోడ మీద బోర్డు చూశారా? అప్పీలు ఎక్కడ చేసుకోవాలో చెప్పారా? వాళ్ళకి మూడు మెట్లు. మాకు వొకే మెట్టు, అది బడి గుమ్మం అవతల.

ఇంతవరకూ వాళ్ళ సంగతి చెప్పాను. ఇక్కడ ఆపేస్తే నా అంత అబద్ధాలకోరు వుండడు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం నా సర్టిఫికెట్టు కాదు.

1996లో నేను కొత్తగా లెక్చరర్‌గా చేరిన కాలేజీలో వొక యానాది కుర్రాడు వుండేవాడు. వాళ్ళ ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్లోడు. పరీక్ష ఫీజు కట్టి రశీదు అడిగాడు. గుమాస్తా తరవాత రమ్మన్నాడు. మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి ఆ కుర్రాడు కౌంటరు మీద చెయ్యి వేసి "రశీదు ఇచ్చేదాకా కదలను" అన్నాడు. అంతే, ఆఫీసు మీద దౌర్జన్యం అన్నారు. డిసిప్లిన్ కమిటీ వేశారు. అందులో నన్ను వేశారు, ఎస్సీ వాడు కూడా వున్నాడని చూపించుకోడానికి. అందరూ మాట్లాడుకున్నాక పెద్దాయన కాయితాలు నా ముందుకి తోశాడు. "ఇంగ్లీషు మీదే గదా మాస్టారూ, రిపోర్టు మీరే రాయండి."

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో చిన్నపిల్ల. చేతులు చల్లబడ్డాయి. కుర్రాడి మొహం గుర్తొచ్చింది. మా నాయన మొహం గుర్తొచ్చింది. అయినా రాశాను. ఆ కుర్రాడి నడవడిక ఎట్లాంటిదో చెప్పాల్సిన చోట ఏ మాట రాశానో మీకు చెప్పాలా? వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. చేతిలోంచి దానంతటదే వచ్చింది.

నెల తిరక్కుండా ఆ కుర్రాడు కాలేజీ మానేశాడు. వాళ్ళ వూరు పోయి అడిగాను, అప్పటికే కుటుంబమంతా చేపల చెరువుల పనికి వలసపోయారు. మళ్ళీ నాకు కనపడలేదు. అతను చేసిందేమిటి? కట్టిన డబ్బుకి రశీదు అడగడం. నేను గుడ్డు అడిగినట్టే. మా అమ్మ కుంచం అడిగినట్టే. ముగ్గురం రూలే అడిగాం. మూడోసారి మాత్రం రూళ్ళకర్ర నా చేతిలో వుంది.

మనలో చదువుకుని కుర్చీలెక్కినవాళ్ళకి ఈ మాట చెబుతున్నాను. మనం వాళ్ళ భాష నేర్చుకున్నాం. నేర్చుకోక తప్పదు. కానీ ఆ భాషలో కొన్ని మాటలు కుర్చీతో పాటు వస్తాయి. మనం వాడుతున్నాం అనుకుంటాం. అవే మనల్ని వాడతాయి. పెద్దకులం హెడ్మాస్టరు రాస్తే అది కులగర్వం అని చెప్పి తిట్టొచ్చు. మాదిగ మేస్టరు రాస్తే ఏమని తిట్టాలి? నన్ను తిట్టడానికి ఆ కుర్రాడికి ఏ మాటా లేకుండా చేశాను. అది ఇంకా పెద్ద నేరం.

ఆ తరవాత నేను కూచున్న ప్రతి కమిటీలో ఆ మాట వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేశాను. ఏ రూలు తప్పాడు? అది ఎక్కడ రాసి వుంది? అంతకు ముందు ఆ రూలు ఎవరు తప్పారు? మొదటి ప్రశ్నకే సగం గొడవలు తేలిపోయేవి. రెండో ప్రశ్నకి ప్రిన్సిపాళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు. మూడో ప్రశ్నకి నన్ను కమిటీలోంచి తీసేసేవాళ్ళు. నా సర్వీసు రికార్డులో కూడా ఎక్కడో ఆ విశేషణం పడే వుంటుంది. పడనీ.

హాస్టళ్ళలో వుండి ఇది చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మిమ్మల్ని కూడా అంటారు ఈ మాట. మెస్సులో పురుగులు చూపిస్తే అంటారు. స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తదని అడిగితే అంటారు. నీలం జెండా పట్టుకుని గేటు ముందు కూచుంటే తప్పకుండా అంటారు. అన్నప్పుడు తల దించుకోవద్దు. "మేం అదుపులో వుండేవాళ్ళమే సార్" అని బతిమాలుకోవద్దు. అట్లాగని ఆ మాటని బిళ్ళలా తగిలించుకుని తిరగొద్దు కూడా. మనం రూలు లేనివాళ్ళం కాదు. 1950 నుంచి ఈ దేశంలో అంటరానితనం రద్దని పదిహేడో అధికరణం వుంది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1995లో దాని రూళ్ళు వచ్చాయి. రూళ్ళన్నీ మన వైపే వున్నాయి. తప్పుతున్నది వాళ్ళు. అందుకే ఆ మాట అన్నవాడిని రూలు చూపించమని అడగండి. కాయితం మీద రాసివ్వమనండి. తేదీ వేయించుకోండి. కింద సంతకం పెట్టించుకోండి. మేం అయిదుగురం గోడ మీది బోర్డుని కాయితం మీదికి ఎక్కించినట్టు, మీరూ ఎక్కించండి.

మా నాయన పోయి చాలా యేళ్ళయింది. ఆయన చేసిన చెర్నాకోల వొకటి ఇంట్లో మేకుకి వేలాడుతూ వుంది. ట్రంకుపెట్టెలో నా సర్టిఫికెట్టు కిందే ఇంకో కాయితం కూడా వుంది. 1996లో నేను రాసిన రిపోర్టు నకలు. రెంటిలోనూ వొకటే మాట. వొకటి నా మెళ్ళో కట్టింది. ఇంకొకటి నేను కట్టింది. మొదటిది తెంచుకున్నాను. రెండోది తెంచడానికి ఆ మనిషి ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఈ కాయితం ఎట్లాగో అతని దాకా పోతే బాగుండునని రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వు అడిగింది రశీదు. తప్పింది మేము.